క్యాష్ అనే మాట మన కాసు నుంచే పోయిందా? తెలిసినవాళ్ళు తేల్చండి

గోదారిగట్టు
మా బంధువుల వాట్సాప్ గ్రూపులో పొద్దున్నుంచీ ఒకటే గోల. "ఇంగ్లిషువాళ్ళకి క్యాష్ అనే మాట నేర్పింది మనమే, మన కాసే క్యాష్ అయింది, తెలుగువాడిగా పుట్టినందుకు గర్వపడి పదిమందికి పంపండి" అని మా చిన్నాన్న పెట్టాడు, దాని కింద వరసగా దండాలు. అది లాటిన్ లో పెట్టె అనే మాట నుంచి వచ్చిందని ఎక్కడో చదివిన గుర్తు, అదే రాశాను. అంతే, నేను తెలుగు ద్రోహిని అయిపోయాను. కాసుకీ క్యాష్ కీ సంబంధం ఉందా లేదా, ఒక్క ముక్కలో చెప్పండి చాలు.

పాలమూరోడు
ఒక్క ముక్కల జెప్పుడు ఈ సైట్ల ఎప్పుడన్న జరిగిందా అన్నా 😂

కొట్టు_కామేశం
సంబంధం లేకపోవడమేంటండీ, కాసు, క్యాష్, చెవికే తెలుస్తోందిగా.

పుస్తకాలపురుగు
చెవికి తెలిసేదాంతోనే వస్తుంది చిక్కంతా. కాష్మీరు శాలువా, క్యాషూ నట్టు కూడా చెవికి దగ్గరే, వాటికీ డబ్బుకీ ఏం సంబంధం లేదు. జీడిపప్పుకి ఆ ఇంగ్లిష్ పేరు బ్రెజిల్ లో తూపీ భాష నుంచి పోర్చుగీసువాళ్ళు పట్టుకొచ్చింది.
ఇక అసలు సంగతి. ఇప్పుడు మనం క్యాషా కార్డా అని అడిగేటప్పుడు వాడే క్యాష్ ఇంగ్లిష్ లో 1590ల నుంచి కనబడుతుంది, మొదట్లో దానర్థం డబ్బు కాదు, డబ్బు దాచే పెట్టె. ఫ్రెంచిలో కేస్, ఇటాలియన్ లో కస్సా, వాటికి వెనక లాటిన్ కాప్సా. రోమన్లు చుట్టిన పుస్తకాలు పెట్టుకునే గుండ్రటి పెట్టెని కూడా కాప్సా అనేవాళ్ళు. తర్వాత పెట్టె పేరే పెట్టెలో ఉన్నదానికి అంటుకుంది, 18వ శతాబ్దానికి పెట్టె అనే అర్థం ఊడిపోయి డబ్బు ఒక్కటే మిగిలింది. సూట్ కేసులో కేసు, మాత్ర క్యాప్సూలు, లారీ ఛాసిస్, ఇవన్నీ దానికి అన్నదమ్ముల పిల్లలే.

లారీ_లక్ష్మణ్
ఛాసిస్ కూడానా?? ఇరవైయేళ్ళుగా బాడీ బిల్డింగ్ షెడ్డులో ఉన్నా, ఎవడూ చెప్పలేదు ఈ ముక్క

కొట్టు_కామేశం
అయితే మన గల్లా పెట్టె లాంటిదే అన్నమాట. మా నాన్న హయాంలో కొట్లో టేకుచెక్క గల్లా పెట్టె ఉండేది, మూత మీద నాణెం పట్టేంత చీలిక, లోపల రూపాయికీ అర్ధకీ పావలాకీ వేరే వేరే గిన్నెల్లాగా చెక్కిన గుంటలు. "గల్లా మీద ఎవరున్నారు" అంటే క్యాష్ లో ఎవరు కూర్చున్నారని. ఇప్పటికీ మా బజార్లో అదే మాట.

గోదారిగట్టు
అంటే మా చిన్నాన్న ఓడిపోయినట్టేనా? స్క్రీన్ షాట్ తీసి పెట్టేయనా?

నాణేలపిచ్చి
ఆగండాగండి, స్క్రీన్ షాట్ అప్పుడే తీయకండి. పురుగుగారు సగమే చెప్పారు. ఇంగ్లిష్ లో క్యాష్ అనే మాటలు రెండున్నాయి. స్పెల్లింగు ఒకటే, పుట్టుకలు వేరు. ఒకటి ఆయన చెప్పిన పెట్టె. రెండోది నాణెం పేరు, అది మాత్రం అచ్చంగా మన దక్షిణాది కాసే.
మద్రాసులో ఈస్టిండియా కంపెనీ వాళ్ళ లెక్క ఇది: 80 క్యాష్ లు ఒక ఫణం, 42 ఫణాలు ఒక స్టార్ పగోడా. పగోడా అంటే మన వరహా. మూడున్నర రూపాయలకి ఒక వరహా, అంటే రూపాయికి 12 ఫణాలు, అంటే రూపాయికి 960 కాసులు. 1818లో రూపాయిని ప్రమాణంగా పెట్టేదాకా మద్రాసు దొరలు జీతాలు, బాకీలు అన్నీ పగోడా ఫణం క్యాష్ లెక్కల్లోనే రాసుకున్నారు. ఆ కాగితాల్లో క్యాష్ అని కనిపిస్తే అది పెట్టె కాదు, కాసు.

పాలమూరోడు
రూపాయికి 960 ఆ? చిల్లర ఇయ్యమంటే గోనెసంచి ఇస్తరు గద

చెన్నపట్నం_చిన్నది
మా ఇంట్లో తమిళం సగం తెలుగు సగం కాబట్టి నేనొక మాట. కాసు మొదట తమిళం. తమిళంలో ఇప్పటికీ డబ్బుకి రోజూ వాడే మాట కాసే. తంజావూరు పెద్ద గుడి శాసనాల్లో రాజరాజ చోళుడి కాలంలోనే కాసులు దానం ఇచ్చినట్టు, ఆ కాసులు ఊళ్ళకి వడ్డీకి ఇచ్చినట్టు ఉంటుంది. కాసుకి ఏడాదికి కాసులో ఎనిమిదో వంతు వడ్డీ. అప్పుడది బంగారు నాణెం. కాబట్టి మన కాసు మన కాసు అని గుండెలు బాదుకునే ముందు పక్కింటివాళ్ళని కూడా కలుపుకోండి.

సీమటపాకాయ్
వడ్డీ కాసుల లెక్క అంటే మా వెంకన్న సామి ముందు ఎవురైనా తీసికట్టే. ఆయప్ప పేరే వడ్డికాసులవాడు.

బ్యాంకుబాబాయ్
ఎనిమిదో వంతంటే ఏడాదికి పన్నెండున్నర శాతం. ఈ రోజు పర్సనల్ లోను రేటు ఇంచుమించు అదే. వెయ్యేళ్ళలో మా శాఖ సాధించిన ప్రగతి.

సీమటపాకాయ్
నాకొక డౌటు. పోర్చుగీసోళ్ళు 1498లోనే కాలికట్ కాడ దిగినారు, 1510లో గోవా పట్టుకున్నారు. మన కాసుని వాళ్ళు మూటగట్టుకుని యూరప్ కి తీసకపోయింటారు, ఆడనుంచి ఇంగ్లాండుకి పోయింటుంది, అట్లెందుకు కాకూడదు? ఈ పెట్టె కథంతా తెల్లోళ్ళు రాసుకున్న పుస్తకాల్లోదే కదప్పా.

పుస్తకాలపురుగు
ఎందుకు కాకూడదంటే కాప్సా, కస్సా అనే మాటలు వాస్కో డ గామా పుట్టకముందే ఉన్నాయి కాబట్టి. ఇటలీ వర్తకుల లెక్కల పుస్తకాల్లో కస్సా ఖాతా మామూలు సంగతి. ఇంకో లెక్క కూడా చూడండి, ఈస్టిండియా కంపెనీ పుట్టింది 1600 డిసెంబర్ 31న. మచిలీపట్నంలో వాళ్ళు కొట్టు పెట్టింది 1611లో. లండన్ వాళ్ళ నోట్లో డబ్బు పెట్టె అనే అర్థంతో క్యాష్ అప్పటికే నలుగుతోంది. మన బందరులో ఇంగ్లిషువాడు అడుగుపెట్టకముందే వాడి గల్లాకి ఆ పేరుంది.

నాణేలపిచ్చి
అయితే సీమ తమ్ముడి అనుమానంలో ఒక పస ఉంది, పోర్చుగీసువాళ్ళ పాత్ర నిజంగానే ఉంది. వాళ్ళ భాషలో పెట్టెని కైషా అంటారు, అదీ ఆ లాటిన్ పెట్టే. ఇక్కడికొచ్చి మనవాళ్ళ నోట కాసు అనే చిన్న నాణెం పేరు విన్నారు, తమకి ముందే తెలిసిన కైషాలాగా వినబడింది, అలాగే రాసేశారు. తర్వాత ఇంగ్లిషువాళ్ళు ఆ కైషాని పట్టుకుని తమకి ముందే తెలిసిన క్యాష్ గా మార్చారు. మన కాసు రెండుసార్లు పరాయి పెట్టెలో పడింది, అదీ కథ.
1886లో యూల్, బర్నెల్ అచ్చువేసిన హాబ్సన్ జాబ్సన్ లో ఇది వివరంగా ఉంటుంది, ఆంగ్లో ఇండియన్ మాటల నిఘంటువు, నెట్లో ఉచితంగా దొరుకుతుంది. వాళ్ళూ సంస్కృతంలో కర్ష అనే తూకం నుంచి తమిళ కాసు, దాన్నుంచి పోర్చుగీసు కైషా, దాన్నుంచి ఇంగ్లిష్ క్యాష్ అయినట్టుంది అన్నారు, నాణెం సంగతి వరకు.

చెన్నపట్నం_చిన్నది
ఆ కర్ష దగ్గర నాకు అభ్యంతరం. ప్రతీదానికీ సంస్కృతంలో తండ్రిని వెతకాలా?

పుస్తకాలపురుగు
వెతకడం కాదు, కార్షాపణం అని పాతకాలపు నాణెమే ఉందిగా. నాసిక్ గుహ శాసనంలో క్షత్రప రాజు నహపానుడి అల్లుడు ఉషవదాతుడు 70,000 కార్షాపణాలు దానం చేశాడు, 35 కార్షాపణాలు ఒక సువర్ణం లెక్కన 2,000 సువర్ణాలు అని రాసి ఉంది. ప్రాకృతంలో కాహాపణ. ముందు కర్ష, వెనక పణం. ఆ పణమే తర్వాత ఇంగ్లిషువాళ్ళ ఫణం.

చెన్నపట్నం_చిన్నది
కాహాపణలో కాహా కాసు ఎలా అవుతుందండీ, హ వెనక్కి స గా మారడం ఎక్కడైనా చూశారా. కర్ష నుంచి నేరుగా కస్స అయి కాసు అయిందంటే ఒప్పుకోవచ్చు, కానీ కాహాపణ తెచ్చి ఇక్కడ అతికించకండి.

పుస్తకాలపురుగు
కాహాపణ నుంచి అనలేదు, కర్ష అనే తూకం డబ్బు లెక్కలోకి ఎప్పుడు దిగిందో చూపించాను.

పాలమూరోడు
గీ ఇద్దరు పోయినసారి ఇడ్లీ మీద గూడ గిట్లనే కొట్లాడిన్రు. మాడరేటరన్న ఏడున్నడో 🍿

కేంట్_కుర్రాడు
నాణెం మాట వచ్చింది కాబట్టి. నేను ఇంగ్లాండ్ లో కేంట్ జిల్లాలో ఉంటా. ఇక్కడి పాతవస్తువుల సంతలో ఒకాయన దగ్గర చిన్న రాగి నాణేలు చూశా, మీద కంపెనీ చిహ్నం, సింహాలు, కింద 1808, రెండో పక్క పార్శీ లిపి, దాని కింద రోమన్ అంకెల్లో పది, పక్కన క్యాష్ అని. మద్రాసు నాణెం కేంట్ లో ఎందుకుందని అడిగితే ఇక్కడి సముద్రంలోనే దొరికింది అన్నాడు. ఇదేదో అమ్ముకునే కథ అనుకుని వచ్చేశా. నిజమేనా?

నాణేలపిచ్చి
నిజమే బాబూ, వదిలేసి వచ్చారా! అది అడ్మిరల్ గార్డ్‌నర్ అనే కంపెనీ ఓడ సరుకు. మద్రాసుకి పది కాసుల, ఇరవై కాసుల నాణేలు బర్మింగ్‌హామ్ లో మాథ్యూ బౌల్టన్ పెట్టిన సోహో టంకశాలలో ఆవిరి యంత్రాలతో కొట్టించి పంపేవాళ్ళు. 1809 జనవరిలో ఆ ఓడ బయల్దేరీ బయల్దేరగానే కేంట్ తీరానికి ఎదురుగా గుడ్విన్ శాండ్స్ అనే ఇసుక దిబ్బల మీద తుఫానులో పోయింది. 1980లలో ఈతగాళ్ళు తీశారు, ఒకటీ రెండూ కాదు, లక్షల్లో నాణేలు. మనూళ్ళో కూరగాయల బేరానికి రావాల్సిన చిల్లర, పాపం అక్కడే ఇసుకలో నూటడెబ్భై ఏళ్ళు కూర్చుంది. మైనంలో కూరి పీపాల్లో పెట్టినవి కొన్ని ఇప్పటికీ నిగనిగలాడుతుంటాయి, మిగతావి ఉప్పునీటికి గుంటలు పడ్డాయి.
ఆ ఇరవై కాసుల నాణెం పేరు మనవాళ్ళ నోట ఏంటో తెలుసా? డబ్బు!

గోదారిగట్టు
ఏంటీ, డబ్బు అంటే డబ్బేనా?

నాణేలపిచ్చి
డబ్బంటే డబ్బే. ఇరవై కాసుల రాగి బిళ్ళని డబ్బు అనేవాళ్ళు, దొరలు డబ్ అని రాసుకున్నారు. రూపాయికి 960 కాసులైతే రూపాయికి 48 డబ్బులు. ఉత్తర సర్కారుల కోసం, అంటే మన కోస్తా జిల్లాల కోసం, 1790లలో కంపెనీ కొట్టించిన రాగి నాణెం మీద అదే రాసి ఉంటుంది, రూపాయికి నలభై ఎనిమిది అని. ఒక నాణెం పేరు పెరిగి పెరిగి మొత్తం సొమ్ముకే పేరయింది. హాబ్సన్ జాబ్సన్ లో డబ్ అనే మాట కింద కూడా తెలుగు పేరే చెప్తారు.

సీమటపాకాయ్
మాకాడ డబ్బు అనరు, దుడ్లు అంటారు. "దుడ్లు ఉండాయా నీకాడ" అని. అది కూడా నాణెమేనా?

నాణేలపిచ్చి
దుడ్డు కూడా రాగి నాణెమే. పాండిచ్చేరిలో ఫ్రెంచివాళ్ళు దాన్ని దూదూ అని రాశారు, నాలుగు కాష్ లకి ఒక దూదూ. వాళ్ళకీ కాసు కాషే అయింది చూడండి. కన్నడంలో మీలాగే దుడ్డు అంటే సొమ్ము.

పాలమూరోడు
మా దిక్కు పైసలు. అది గూడ బిళ్ళనే. కోస్తల డబ్బులు, సీమల దుడ్లు, మాకాడ పైసలు, అన్ని చిల్లరనే. మన తెలుగోల్లం మూడు దిక్కుల చిల్లరగాళ్ళమే అన్నట్టు 😂😂

కొట్టు_కామేశం
చేతిలో చిల్లిగవ్వ లేదనడం కూడా దాన్లో చేర్చండి, గవ్వ కూడా సొమ్మే ఒకప్పుడు. మా అమ్మమ్మ చిల్లు కానీ అనేది, యుద్ధం రోజుల్లో మధ్యలో బెజ్జంతో వచ్చిన రాగి కానీ. మొలతాడుకి గుచ్చుకుని తిరిగేవాళ్ళట పిల్లలు.

డల్లాస్_దొండకాయ
బెజ్జం అంటే గుర్తొచ్చింది, మా ఆఫీసులో చైనా అతను ఇంటి గుమ్మానికి నాణేల దండ కట్టుకున్నాడు, మధ్యలో చతురస్రం బెజ్జం, ఇంగ్లిష్ లో వాటిని క్యాష్ కాయిన్స్ అంటారు. నేను ఇన్నాళ్ళూ క్యాష్ కాబట్టి క్యాష్ కాయిన్ అనుకున్నా, అది కూడా మన కాసేనా?

పుస్తకాలపురుగు
అదీ కాసే, పెట్టె కాదు. చైనావాళ్ళు తమ భాషలో చ్యెన్ అంటారు. దక్షిణాదిలో చిన్న నాణేనికి వాడిన కైషా, క్యాష్ అనే పేరునే తూర్పున కనబడ్డ ప్రతి చిన్న నాణేనికీ యూరప్ వర్తకులు తగిలించారు. అలా కాసు పేరు చైనా నాణేనికి అంటుకుంది, చైనావాళ్ళకి తెలియకుండానే.

అనంతపద్మం
తిరువాన్కూరు సంస్థానం సంగతి ఎవరూ చెప్పలేదు. వాళ్ళు 1940ల దాకా ఒక క్యాష్, నాలుగు క్యాష్, ఎనిమిది క్యాష్ అని నాణేలు కొట్టారు. 16 కాసులు ఒక చక్రం, 28 చక్రాలు ఒక తిరువాన్కూరు రూపాయి. మద్రాసు కాసు కన్నా ఆ కాసు విలువైనది, వాళ్ళ రూపాయికి 448 మాత్రమే.

బ్యాంకుబాబాయ్
నాది వేరే బాధ. క్యాష్ కౌంటర్లో కూర్చున్నన్నాళ్ళూ నన్ను క్యాషియర్ అనేవాళ్ళు. మా ఎదురింటి రిటైర్డ్ సుబేదారుగారు మాత్రం నవ్వేవాడు, "మా దగ్గర క్యాషియర్ చేశారంటే పరువు తీసి ఉద్యోగం పీకేశారని అర్థం" అని. ఇది కూడా ఆ పెట్టె నుంచేనా?

పుస్తకాలపురుగు
అది మూడో పుట్టుక బాబాయ్. సైన్యంలో క్యాషియర్ చేయడం డచ్చి, ఫ్రెంచి మీదుగా వచ్చింది, రద్దు చేయడం అనే లాటిన్ క్రియ నుంచి. మీ క్యాషియర్ ఉద్యోగం పేరు పెట్టె నుంచే. మీ ఇద్దరికీ చుట్టరికం లేదు.

బ్యాంకుబాబాయ్
రోజు చివర్న క్యాష్ తేడా వచ్చినప్పుడు రెండూ ఒకటే అనిపించేది లెండి.

సినిమాపిచ్చోడు
మన తెలుగు పేపర్ల భాషలో క్యాష్ చేసుకోవడం అని ఒకటుంది, "సెంటిమెంటుని క్యాష్ చేసుకున్న దర్శకుడు". ఇంకోపక్క అదే పేజీలో "బాక్సాఫీసు దగ్గర కాసుల వర్షం". బాక్స్ అంటే పెట్టె, కాసులు అంటే నాణేలు. ఈ థ్రెడ్డు మొత్తం ఒక హెడ్డింగులో ఉంది!!

పాలమూరోడు
హైదరాబాదుల కేబీఆర్ పార్కుల పొద్దున వాకింగ్ జేసేటోల్లకు ఎవలకన్న ఎరికనా, ఆ మొదటి కే అంటె కాసు. కాసు బ్రహ్మానందరెడ్డి. క్యాష్ ఉన్నోల్లే నడుస్తరు ఆడ.

గోదారిగట్టు
ఇదంతా బాగుంది గానీ మా వైపు కాసు అంటే నాణెం కాదు, బంగారం. పెళ్ళి మాటల్లో "ఎన్ని కాసులు పెడుతున్నారు" అంటే ఎనిమిది గ్రాముల లెక్కన. ఇదెక్కడి నుంచి వచ్చింది? కంపెనీ కాలంలో రాగి, ఇప్పుడు బంగారమా?

నాణేలపిచ్చి
ఇంగ్లాండ్ బంగారు సావరిన్ తూకం 7.98 గ్రాములు. అది మన కంసాలి దుకాణాల్లో తూకపురాయి అయి కూర్చుంది, కొన్నిచోట్ల సవర అన్నారు, మీ వైపు కాసు అన్నారు. చోళుల నాడు బంగారం, మద్రాసు దొరల నాడు రాగి, మళ్ళీ గోదావరి జిల్లాల్లో బంగారం. 960 ఇస్తే ఒక రూపాయి వచ్చే కాసు, ఇవాళ ఒక్కటి కొనాలంటే బ్యాంకుబాబాయ్ దగ్గర లోను పెట్టాలి.

పాలమూరోడు
మాకు తులం లెక్క. అసలు తులం 11.66 గ్రాములంటరు, ఇప్పుడు పదికే తులం అంటున్నరు. మిగిలింది ఏడ వాయె?

కొట్టు_కామేశం
ఏడ వాయె అంటే గల్లాలోకి 😀

తెలుగుతల్లిబిడ్డ
ఇంతమంది ఇంత రాశారు కానీ క్యాష్ కి చక్కగా నగదు అని తెలుగు మాట ఉండగా క్యాష్ ఎందుకు వాడాలి అని ఎవరూ అడగలేదు.

పుస్తకాలపురుగు
నగదు అరబ్బీ అండీ. నఖ్ద్. పార్శీ మీదుగా నవాబుల కచేరీల్లోంచి వచ్చింది. జమ, ఖర్చు, బాకీ, వసూలు, రసీదు, ఖజానా, అన్నీ ఆ దారినే. మన చిట్టాలోంచి వీటిని తీసేస్తే అంకెలు మిగుల్తాయి.

తెలుగుతల్లిబిడ్డ
సరే అయితే రొక్కం.

సీమటపాకాయ్
రొక్కం అంటే రూకలో నుంచి వచ్చిందేనా? రూక కూడా నాణెమే కదా మళ్ళీ?

చెన్నపట్నం_చిన్నది
హమ్మో, పురుగుగారిని ఆ తుట్టె కదిపించకండి ఈ రాత్రికి.

కొట్టు_కామేశం
రూకో కాదో నాకు తెలీదు, రొక్కం ఎక్కడ బతికుందో చెప్తా. మా పక్క ఎరువులు, పురుగుమందుల కొట్లలో ఇప్పటికీ ఒక్కో డబ్బాకి రెండు రేట్లు. రొక్కం రేటు ఒకటి, పంట చేతికొచ్చాక కట్టే అరువు రేటు ఒకటి. రైతు కొట్లోకి రాగానే గుమస్తా మందు పేరు కన్నా ముందు అడిగేది "రొక్కమా, ఖాతానా" అని. ఈమధ్య ఫోన్ లో స్కాన్ చేసి కట్టినా బిల్లు మీద రొక్కం అనే రాస్తున్నాడు మా వాడు. పైన గోడ మీద బోర్డు మాత్రం "ఈరోజు నగదు, రేపు అరువు". ఇస్తున్నది అంతా అరువే.

గోదారిగట్టు
మా చిన్నాన్నకి నాణేలపిచ్చిగారి పోస్టులు రెండు పంపా. చదివి "చూశావా, నేను చెప్పిందే" అని పెట్టాడు. పెట్టె సంగతి ఉన్న పోస్టు కూడా పంపా, అది ఇంకా నీలం టిక్ పడలేదు.

కేంట్_కుర్రాడు
@నాణేలపిచ్చి ఆదివారం మళ్ళీ సంత ఉంది. ఇరవైది కొనమంటారా, పదిదా? నకిలీలు ఉంటాయా వీటిలో?

నాణేలపిచ్చి
ఇరవైదే తీసుకోండి, దానికే డబ్బు అని పేరు. లక్షల్లో దొరికిన సరుకు కాబట్టి పెద్ద ఖరీదు ఉండదు, ఎక్కువ చెప్తే బేరమాడండి. పార్శీ అక్షరాలు స్పష్టంగా ఉన్నాయో లేదో చూసుకోండి, అంచు గరుకుగా ఉప్పు తిన్నట్టున్నా పర్లేదు. తోమొద్దు, నిమ్మకాయ చింతపండు అస్సలు పెట్టొద్దు. ఫోటో ఇక్కడే పెట్టండి.